రోళ్ళు పగిలే కార్తెలో రోకలి చెట్టు కోసం

మా ఇంటి వెనక ఒక సపోటా చెట్టుంది. తాత నాటింది. ఎనిమిదేళ్ళ కింద గాలివానకి దాని నడుం విరిగి సగం చెట్టు పోయింది. మిగిలిన సగం కాస్తూనే ఉంది గానీ, ఆ తర్వాత మొదట్లోంచి ఇంకో కొమ్మ లేచింది. అంటు కట్టిన ముడికి కింద నుంచి. ఆకు సపోటా ఆకులాగే ఉంటుంది, కాకపోతే చిన్నది, దళసరి, కొసన గోటితో గిల్లినట్టు చిన్న నొక్కు. పోయినేడు దానికి కాయలొచ్చాయి. వేపకాయంత ఉన్నాయి, పండితే పసుపు రంగు. అమ్మ ఒకటి నోట్లో వేసుకుని, "ఒరే, ఇది పాలపండురా! మా చిన్నప్పుడు యానాది వాళ్ళు గంపల్లో తెచ్చేవాళ్ళు" అంది.

నాన్న అంట్లు కట్టే మనిషిని పిలిపించాడు. అతను చూసి నవ్వాడు. "సపోటా పైదే సార్, కాళ్ళు పాలవి. పాల మొక్క మీదే దీన్ని కడతాం. కింద నుంచి వచ్చేది దొంగ కొమ్మ. కోసెయ్యండి, లేకపోతే బలమంతా అదే లాక్కుంటుంది." సపోటా మెక్సికో వైపు నుంచి వచ్చిన చెట్టని తెలుసు. మన తోటల్లో అది పాల చెట్టు వేళ్ళ మీద నిలబడి బతుకుతోందని మాత్రం అప్పుడే విన్నాను. ఇన్నేళ్ళూ సపోటాలు తిన్నవాణ్ణే, కింద ఎవరున్నారో ఒక్కసారి వంగి చూసిన పాపాన పోలేదు.

నాన్న కత్తికి సాన పట్టించాడు. నేను పది రోజులు ఆగమన్నాను. ఈ చెట్టు సొంత ఊరెక్కడో చూసొచ్చాక కోద్దామన్నాను. "చెట్టుకి సొంతూరేందిరా" అన్నాడు నాన్న.

ఉంది. శ్రీహరికోట దగ్గర నుంచి తమిళనాడులోని కోడియక్కరై దాకా సముద్రం ఒడ్డున ఒక వింత అడవి తునకలు తునకలుగా మిగిలింది. అక్కడ పడే వాన ఎక్కువ భాగం అక్టోబరు నుంచి డిసెంబరు లోపే పడిపోతుంది. తర్వాత నెలల తరబడి ఎండ. మామూలుగా అయితే ఆ చెట్లు ఆకులు రాల్చి మోడుల్లా నిలబడాలి. ఇవి రాల్చవు. ఏడాదంతా పచ్చగానే ఉంటాయి. ఆ అడవికి పెద్ద దిక్కు పాల చెట్టు.

పండ్ల కాలం కాబట్టి రోహిణి కార్తెలోనే పోవాలి. రోహిణిలో రోళ్ళు పగులుతాయంటారు. మేనత్త కొడుకు, నాయుడుపేటలో ఎరువుల షాపున్న బావ, కారు తీస్తానన్నాడు. బావకి తమిళం బాగా వచ్చు. నాకు బోర్డులు చదవడం కూడా రాదు.

మొదటి రోజు: నేలపట్టు

నాయుడుపేట నుంచి సూళ్ళూరుపేట వైపు హైవే మీద దొరవారిసత్రం, అక్కడ లోపలికి తిరిగితే రెండు కిలోమీటర్ల లోపే నేలపట్టు. పక్షుల కేంద్రం అది, 1976లో పెట్టారు. చలికాలంలో వస్తే గూడబాతులు గూళ్ళు కట్టి పిల్లలకి చేపలు మేపుతుంటాయి, జనం బారులు తీరతారు. మేం పోయినప్పుడు చెరువు ఎండి నెర్రెలిచ్చింది. నీళ్ళలో నిలబడాల్సిన కడప చెట్లు బురద నేల మీద ఖాళీ గూళ్ళతో నిలబడి ఉన్నాయి.

"ఈ కాలంలో ఏముందని వచ్చారు సార్?" అన్నాడు గేటు దగ్గర కుర్రాడు.

"పాల చెట్టు చూడ్డానికి."

అతను హుషారుగా తీసుకుపోయి ఒక చెట్టు చూపించాడు. ఆకు గిల్లితే పాలు కారాయి. సన్నటి జంట కాయలు వేలాడుతున్నాయి. బావ ఫోటో తీసేశాడు. అది పాల చెట్టు కాదు, పాలకొడిశ. ఏటికొప్పాక బొమ్మలు చేసే అంకుడు కర్ర దానిదే. తెలుగులో ఇదే చిక్కు. గిల్లితే తెల్లగా కారేదల్లా పాలే. కొడిశపాల వేరు, ఏడాకుల పాల వేరు, పాలకొడిశ వేరు. వీటిలో ఏదీ తినే పండు ఇచ్చేది కాదు. ఆ కుర్రాడికి చెప్తే, "మరి తినేదైతే అట్టా చెప్పాలి గదా సార్, దాన్ని పాలపండు చెట్టంటాం" అని కట్ట వెనక చిట్టడవి వైపు నడిచాడు.

చెరువు గట్టు దిగాక నేల మారిపోయింది. ఇసుక కలిసిన ఎర్ర నేల. తల దాకా ఎత్తున్న పొదలు, మధ్యలో కలివి, బలుసు, పరికి. దారిలో అల్లి చెట్టొకటి. చివరి పూలు ఇంకా ఉన్నాయి, కొమ్మకి అంటుకుని, నీలమందు చల్లినట్టు. దాని వెనక పాల చెట్టు.

నేను ఊహించుకున్నంత పెద్దది కాదు. లోపలి అడవుల్లో ఇది మాను అవుతుందట గానీ ఈ ఉప్పుగాలికి పదిహేనడుగుల దగ్గరే ఆగిపోయింది. బెరడు నల్లగా, మొసలి వీపులా గళ్ళు గళ్ళుగా పగిలి ఉంది. ఆకులన్నీ కొమ్మల కొసల్లో గుత్తులుగా చేరాయి. పైన మెరుపు, కింద పాలిపోయిన రంగు. ఒక్కొక్క ఆకు కొసన అదే నొక్కు. మా పెరట్లో దొంగ కొమ్మ ఆకూ ఇదీ పక్కపక్కన పెడితే తేడా చెప్పలేం. మధ్యాహ్నం రెండు గంటలప్పుడు ఫోను నలభై రెండు డిగ్రీలు చూపిస్తోంది. చుట్టూ గడ్డి తెల్లబడి నలిగితే పొడి అయ్యేట్టుంది. ఈ చెట్టు మాత్రం నిన్న వాన పడినట్టు నిలబడింది. ఆకుని వేళ్ళ మధ్య మడిస్తే చప్పుడు చేసింది, పాత పోస్టుకార్డు మడిచినట్టు. ఆ దళసరి ఆకే దాని గుట్టు. లోపలి తడిని సులభంగా పోనివ్వదు.

పండ్లు కింద రాలి ఉన్నాయి. తొక్క పల్చన, లోపల కొంచెం జిగురు గుజ్జు, మధ్యన ఒకే గింజ, చింతగింజ కంటే సన్నం, నున్నగా పాలిష్ పెట్టినట్టు. రుచి చెప్పాలంటే, సపోటాలోని ఇసుక తీసేసి కాస్త తేనె కలిపినట్టుంటుంది. ఒకటి తింటే ఆగలేం. బావ గుప్పెడు నోట్లో పోసుకున్నాడు. ఐదు నిమిషాల తర్వాత మాట్లాడబోతే పెదాలు అంటుకుపోయాయి. పండులో ఉన్న పాలు ఆరిపోయి బంకలా మారుతాయన్న సంగతి మాకెవరూ చెప్పలేదు. మీసం కొసలు రెండూ పై పెదవికి అతుక్కున్నాయి. గేటు కుర్రాడు నవ్వీ నవ్వీ, "కొబ్బరినూనె రాస్తే వస్తది సార్" అన్నాడు. ఆ రాత్రి నాయుడుపేటలో అక్క సీసా పట్టుకొచ్చి పెట్టింది. "నలభై ఏళ్ళొచ్చినా బుద్ధి రాలేదు ఇద్దరికీ" అంది.

రెండో రోజు: సూళ్ళూరుపేట, పులికాట్

పొద్దున్నే చెంగాళమ్మ గుడికి వెళ్ళాం. రాకెట్ ఎగిరే ముందు ఇస్రో పెద్దలు వచ్చి దండం పెట్టుకునే గుడి ఇదే. అక్కడి నుంచి శ్రీహరికోట రోడ్డు. పులికాట్ సరస్సుని అడ్డంగా కోసుకుంటూ పోతుంది. చలికాలంలో రెండు వైపులా నీళ్ళు, నీళ్ళ నిండా రాజహంసలు. ఇప్పుడు అటూ ఇటూ ఉప్పు పేరిన బురద, ఎండకి కళ్ళు మూసుకుపోయేంత తెలుపు. దూరంగా మాత్రం నల్లటి గీత. ఆ గీతే శ్రీహరికోట అడవి.

అటకానితిప్ప దాటాక చెక్‌పోస్టు. అక్కడితో మన ప్రయాణం సరి. అనుమతి కాగితం లేకుండా లోపలికి పోకూడదు. నాకు ముందే తెలుసు, బావకే ఆశ. "ఒక్క చెట్టు చూసొస్తామని చెప్పి చూడు" అన్నాడు. చెప్పాను. గేటు దగ్గరున్నాయన నన్ను ఎగాదిగా చూసి, "రాకెట్ చూస్తామని వస్తారు గానీ చెట్టు కోసం వచ్చినోణ్ణి నిన్నే చూస్తన్నా" అన్నాడు. వెనక్కి తిప్పాం.

1969లో రాకెట్ కేంద్రానికి ఈ దీవిని ఎంచుకున్నారు. 1971 అక్టోబరు 9న మొదటి రోహిణి రాకెట్ ఇక్కడి నుంచి ఎగిరింది. పక్కన సముద్రం, వెనక సరస్సు, మధ్యలో అడవి. రాకెట్లకి కావలసింది జనం లేని చోటు. ఆ లెక్కలో అడవికి కంచె దొరికింది. దానికి ముందు సంగతి వేరు. ఈ దీవి కట్టెలు బకింగ్‌హామ్ కాలవలో పడవలెక్కి మద్రాసు పోయేవి. 1876–78 కరువులో కూలీల చేత ఆ కాలవని పొడిగించి కలిపారు. పాల కట్టె గట్టిది, నిదానంగా కాలుతుంది, నిప్పు నిలుస్తుంది. మద్రాసులో ఎన్ని వేల పొయ్యిల మీద కాఫీ డికాక్షన్ దీనితో కాగిందో! కొట్టిన చెట్టు మళ్ళీ లేవడానికి పట్టే కాలం చూస్తే, ఆ కంచె ఇంకో నలభై ఏళ్ళు ఆలస్యంగా పడి ఉంటే ఆ నల్లటి గీత మనకి కనపడేది కాదేమో అని నా అనుమానం.

తిరిగొస్తుంటే రోడ్డు పక్కన తుమ్మ నీడలో ఒక యానాది అవ్వ. ముందు తాటాకు బుట్ట, బుట్టలో తడిగుడ్డ కప్పి పాలపండ్లు. స్టీలు గ్లాసుతో కొలత, గ్లాసు ఇరవై రూపాయలు.

"ఎక్కడివవ్వా ఇవి?"

"యాడివైతే ఏం సామీ, తియ్యంగ ఉండాయా లేదా?"

నాలుగు గ్లాసులు తీసుకున్నాక మాట కలిపింది. వాళ్ళత్త దీవిలో పుట్టిందట. "మా అత్త చెప్పేది. ఈ కాలంలో ఇంట్లో పొయ్యి రాజెయ్యంగ అక్కర లేదంట. పొద్దున పాలపండ్లు, మద్దేన్నం అల్లిపండ్లు, దొరికితే ఉడుం. పండు గుడ్డ మీద పోసి ఎండబెట్టుకుంటే వానల్దాకా వస్తాయి. ఆ తర్వాత బయటికి వచ్చినాం." ఎందుకొచ్చారో తెలిసీ అడగలేకపోయాను. ఆమే అంది, "రాకెట్టు పోయేటప్పుడు ఇంటి రేకులు అదురుతాయి సామీ. పిలకాయలు మేడెక్కి చూస్తారు. నేను చూడను, చెవులు నొప్పి." గుడ్డ మళ్ళీ కప్పుతూ, పండు తిన్నాక వేళ్ళకి బంక పట్టకుండా కాస్త బూడిద రాసుకోమంది. బావ మీసం తడుముకున్నాడు.

అడవికి కంచె పడింది కాబట్టి చెట్టు బతికిందని అప్పటిదాకా కారులో గట్టిగా వాదిస్తున్నవాణ్ణి. ఆ మాట ఆమె ముందు అనలేకపోయాను.

మూడో రోజు: మద్రాసు దాటి, పుత్తుపట్టు

మద్రాసు గురించి రాయడానికేం లేదు. తడ దగ్గర నుంచి సముద్రం ఒడ్డున పోయే ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) ఎక్కేదాకా మూడున్నర గంటలు, అందులో రెండు గంటలు సిగ్నళ్ళ దగ్గరే. గిండీలో ఊరి నడిమధ్యన ఇదే రకం అడవి ఇంకో తునక ఉంది, 2.7 చదరపు కిలోమీటర్లు. ఆగుదామన్నాను. బావ ఆగలేదు.

మరక్కాణం దాటాక పాండిచ్చేరి దారిలో కీళ్‌పుత్తుపట్టు. రోడ్డు మీదకే కనపడుతుంది అయ్యనార్ గుడి. అయ్యనార్ అంటే మన పోలేరమ్మలా ఊరి కాపరి, రాత్రిళ్ళు గుర్రమెక్కి పొలిమేర తిరుగుతాడంటారు. అందుకే గుడి ముందు గుర్రం బొమ్మలు. గుడి చుట్టూ ఉన్నది దేవుడి అడవి. అందులో కట్టె కొట్టకూడదు. కొడితే ఏమవుతుందని బావ అడిగితే, పూజారి సమాధానం చెప్పలేదు. అలాంటి ప్రశ్న కూడా అడుగుతారా అన్నట్టు చూశాడంతే.

లోపలికి పది అడుగులు వేయగానే చెవుల్లో లారీల మోత తగ్గింది. నేలంతా ఎండుటాకులు, అడుగు మెత్తగా దిగుతోంది. పైన ఆకుల కప్పు అంత ఎత్తులో ఏం లేదు, రెండంతస్తుల మేడంత, అంతే. కానీ సందు లేదు. ఎండ చిల్లర పైసల్లా అక్కడక్కడా రాలుతోంది. లావుపాటి తీగలు చెట్టు నుంచి చెట్టుకి పాకి ఉయ్యాలలయ్యాయి. నేరేడు, అల్లి, పాల పక్కపక్కనే. అప్పటిదాకా పాల చెట్టుని ఎండలో ఒంటరిగా చూశాను. ఇక్కడ బంధువుల మధ్యలో చూశాను. మనిషిని బస్టాండులో చూడటానికీ పెళ్ళిలో చూడటానికీ ఉన్నంత తేడా ఉంది.

పూజారిని తమిళంలో దీన్నేమంటారని బావ అడిగాడు. "ఉలక్కై పాలై" అన్నాడు. ఉలక్కై అంటే రోకలి. రోకలి పాల! కర్ర అంత బరువు, అంత గట్టి. రోళ్ళు పగిలే కార్తెలో రోకలి చెట్టు కోసం తిరుగుతున్నామని బావకి అప్పుడు తట్టింది. అరగంట సేపు తన తెలివికి తనే మురిసిపోయాడు. ఈ చెట్టుకి దేవుళ్ళతో పొత్తు ఇక్కడ ఒక్కచోటే కాదు. గుజరాత్‌లో దీన్ని రాయణ్ అంటారు. పాలిటానా దగ్గర శత్రుంజయ కొండ మీద జైనులు ఆదినాథుడి పాదాలు పెట్టి మొక్కేది రాయణ్ చెట్టు కిందే.

బయటికొచ్చి చూస్తే కారు టైరు చదునుగా కూర్చుంది. స్టెప్నీలో కూడా గాలి లేదు. "నేను చెప్పానా, నాయుడుపేటలోనే చూపించమని?" అన్నాను. బావ వినపడనట్టు టీ కొట్టు వైపు నడిచాడు.

ఆ పక్కనే శ్రీలంక నుంచి వచ్చిన తమిళుల శిబిరం ఉంది. టీ కొట్టులో కూర్చున్న ఒక పెద్దావిడ మా చేతిలో ఉన్న పండ్ల సంచి చూసి ఒక్కసారి లేచి వచ్చింది. "పాలైప్పళమా?" ఉత్తర శ్రీలంకలో వన్ని అడవుల వైపు ఊరట వాళ్ళది. పండ్ల కాలం వస్తే మగపిల్లలు సైకిళ్ళకి బకెట్లు తగిలించుకుని అడవికి పోయేవాళ్ళట. ఎలుగుబంటి కూడా అదే చెట్టెక్కుతుంది కాబట్టి కింద నుంచి ముందు గట్టిగా కేకలు వేసి, పైనుంచి చప్పుడు రాకపోతేనే ఎక్కాలట. ఇవన్నీ బావ నాకు తెలుగులో చెప్తుంటే ఆవిడ మధ్యలో ఆపి, ఎలుగుబంటి పాల చెట్టు దిగేటప్పుడు ఎలా దిగుతుందో రెండు చేతులతో స్తంభం పట్టుకుని చేసి చూపించింది. వెనక్కి జారుతూ. సంచిలో మిగిలినవన్నీ ఆవిడకే ఇచ్చేశాం. ఒక్కటి కూడా అక్కడ తినలేదు. కొంగులో మూట కట్టుకుని శిబిరం లోపలికి వెళ్ళిపోయింది.

నాలుగో రోజు: ఆరోవిల్

పాండిచ్చేరి పక్కన ఎర్రమట్టి దిబ్బ మీద 1968లో ఆరోవిల్ మొదలైనప్పుడు అక్కడ చెట్టు లేదు. వాన పడితే మట్టంతా ఎర్రగా సముద్రంలోకి పోయేది. ముందు కట్టలు వేసి నీళ్ళు ఆపారు. తర్వాత తొందరగా పెరిగే ఆస్ట్రేలియా తుమ్మ నాటారు. దాని నీడలో నేల చల్లబడ్డాక, ఒకప్పుడు ఇక్కడ ఏ అడవి ఉండేదో దాన్ని వెతికి మళ్ళీ నాటడం మొదలుపెట్టారు. ఎక్కడ వెతికారంటే, పుత్తుపట్టు లాంటి గుడి తోపుల్లో. వేరే చోట విత్తనం ఎక్కడ మిగిలింది గనక?

ఒక నర్సరీలో పాల మొక్కలు చూశాం. నల్ల కవర్లలో, వరసగా, జానెడెత్తు. వాటిని చూసుకునే ఆవిడ తమిళం, ఇంగ్లీషు కలిపి మాట్లాడింది. ఈ జానెడు మొక్కకి వయసెంతో చెప్పమంది. ఆరు నెలలన్నాను. రెండేళ్ళట. గింజ పెంకు గట్టిది, మొలవడానికే నెలలు తీసుకుంటుంది. మొలిచాక ముందు వేరుని కిందికి తోసి, పైన ఏదో పేరుకి రెండాకులు వేసి ఊరుకుంటుంది. ఒక కవరు చించి చూపించింది. పైన జానెడు, కింద వేరు రెండు జానలు, కవరు అడుగున చుట్టలు చుట్టుకుని ఉంది. సపోటా అంట్లు కట్టేవాళ్ళు దీన్ని ఎందుకు కోరుకుంటారో, ఎందుకు దొరక్క అల్లాడతారో రెండూ ఆ వేరులోనే కనపడ్డాయి. పెన్సిలంత లావు కావాలంటే రెండేళ్ళ పైనే ఆగాలి. అంతసేపు ఆగే ఓపిక నర్సరీ వ్యాపారంలో ఎవరికుంటుంది?

రెండు మొక్కలు కొన్నాను. "నీ మనవళ్ళు తింటారులే పండ్లు" అన్నాడు బావ.

రాత్రి గెస్ట్‌హౌస్‌లో ఒక రిటైరైన తమిళ మాస్టారు కలిశారు. పాలై అనగానే ఆయన కళ్ళు వెలిగాయి. ప్రాచీన తమిళ కవులు నేలని ఐదు రకాలుగా చూశారు. అందులో పాలై అంటే ఎండిన నేల. ప్రియుడు దూరదేశం పోయే దారి, ఎడబాటు పాటలన్నీ ఆ నేల మీదే. మిగతా నాలుగూ నిజంగా ఉన్న ప్రదేశాలు. పాలైకి మాత్రం సొంత చోటు లేదు, కొండా అడవీ ఎండిపోయి తీరు మారితే అదే పాలై. ఆ పేరు ఏ చెట్టు నుంచి వచ్చిందన్న దాని మీద గొడవ ఉందట. కొందరు అంకుడు అంటారు, కొందరు మన ఉలక్కై పాలై అంటారు. నేలపట్టులో కుర్రాడు చేసిన పొరపాటే అన్నమాట, కాకపోతే పండితులది. ఆయన ఎటువైపని అడిగాను. "ఎండలో పచ్చగా ఉండే చెట్టుకి ఎడబాటు పేరెందుకు పెడతారు?" అన్నారు. అందుకే పెడతారని నాకనిపించింది గానీ, పెద్దాయనతో ఎందుకని ఊరుకున్నాను.

ఐదో రోజు

కడలూరు, చిదంబరం, కారైక్కాల్, నాగపట్నం. నాకు కడుపు నొప్పి. పాలపండ్లు అతిగా తింటే ఇంతే. నాగపట్నంలో మజ్జిగ, వేదారణ్యంలో మళ్ళీ మజ్జిగ. 1930 ఏప్రిల్‌లో రాజాజీ తిరుచ్చి నుంచి నడిచొచ్చి ఉప్పు తీసిన ఊరిది. ఉప్పు మళ్ళు ఇప్పటికీ ఊరి చుట్టూ ఉన్నాయి. నేను కిటికీలోంచి చూశానంతే. బావ దిగి, పిడికెడు ఉప్పు కాగితంలో పొట్లం కట్టుకున్నాడు.

ఆరో రోజు: కోడియక్కరై

తీరం ఇక్కడ మోచేయిలా వంగుతుంది. తూర్పున బంగాళాఖాతం, దక్షిణాన పాక్ జలసంధి, మూలన అడవి. 1967లో కృష్ణజింకల కోసం దీన్ని అభయారణ్యం చేశారు. మన దేశంలో ఈ రకం అడవి ఒకేచోట ఎక్కువగా మిగిలింది ఇక్కడే అంటారు. పొద్దున ఆరింటికల్లా గేటు దగ్గరున్నాం. తోడుగా ఒక వాచర్ వచ్చాడు. బక్కపల్చటి మనిషి, యాభై దాటి ఉంటాయి.

గడ్డి మైదానంలో జింకలు, వాటి మధ్య అడవి గుర్రాలు. ఒకప్పుడు మనుషులు వదిలేసిన గుర్రాల సంతతి. జింకలు మమ్మల్ని చూసి చెవులు నిలబెట్టాయి, గుర్రాలు చూడను కూడా చూడలేదు. మైదానం అంచున పాల చెట్లు. నేను వెతికి వెతికి చూసిన చెట్టు ఇక్కడ కంచె మొక్కలా అడుగడుక్కీ ఉంది. పండ్లతో పసుపెక్కి ఉంది. కోతులు పై కొమ్మల్లో తింటూ సగం కిందికి విసురుతున్నాయి, జింకలు కింద ఏరుకుంటున్నాయి. దారి మధ్యలో ఎండిన నక్క పెంట. వాచర్ పుల్లతో విడదీసి చూపించాడు. అందులో నున్నటి గోధుమరంగు గింజలు, కడిగి పెట్టినట్టు మెరుస్తున్నవి, పదకొండు లెక్కపెట్టాను. పగలు కోతులు, రాత్రి గబ్బిలాలు, నక్కలు, పునుగుపిల్లులు. ఈ చెట్టు బతుకు వీళ్ళ కడుపుల గుండా నడుస్తోంది.

కానీ చాలా చెట్లు పడుకుని ఉన్నాయి. 2018 నవంబరు 16 తెల్లవారుజామున గజ తుఫాను సరిగ్గా ఈ వైపే తీరం దాటింది. "రాత్రంతా అడవి అరిచింది" అన్నాడు వాచర్. పొద్దున వచ్చి చూస్తే దారి లేదట, ఏ చెట్టు ఎక్కడుండేదో చిన్నప్పటి నుంచి తిరిగినవాడికే తెలియలేదట. పడిన మానులు కొన్ని తీయకుండా వదిలేశారు. ఒకదాని దగ్గర ఆగాడు. వేర్లు గాల్లోకి లేచి ఉన్నాయి, కాండం నేల మీద అడ్డంగా ఉంది. అది చచ్చిపోలేదు. పడుకున్న కాండం నుంచి ఐదారు కొమ్మలు నిటారుగా లేచాయి, ఒక్కొక్కటి నా ఎత్తు కంటే పైన. భూమిలో మిగిలిన ఒక పక్క వేరు చాలింది దానికి. అందులో ఒక కొమ్మకి నాలుగు పండ్లు.

మా పెరడు గుర్తొచ్చింది. ఇలాంటి గాలివానే, ఇలాంటి కొమ్మే.

చెట్లు పడిన ఖాళీల్లో మాత్రం వేరే పచ్చదనం కనపడుతోంది. సర్కారు తుమ్మ. పాల మొక్క జానెడయ్యేలోపు అది పందిరి వేసేస్తుంది. ఏటా పీకుతూనే ఉంటామని, ఏటా వస్తూనే ఉంటుందని వాచర్ అన్నాడు. గుర్రాలూ పశువులూ దాని కాయలు తిని గింజలు చల్లుతాయి. పాలకి నక్క ఎలాగో దానికి ఇవి అలాగ.

ఎండెక్కాక అతని గది వసారాలో కూర్చున్నాం. తలుపు కదలకుండా అడ్డం పెట్టిన ముక్క ఒకటి చూసి, పాల కర్రేనా అని అడిగాను. తుఫానుకి పడిన చెట్టుదట. ముదురు ఎరుపు చేవ. ఎత్తితే ఇటుకంత బరువు. వాచర్ నవ్వి దాన్ని నా చేతిలోంచి తీసుకుని, పక్కనున్న నీళ్ళ బకెట్‌లో వదిలాడు. బుడుంగుమని అడుక్కి పోయింది. ఒక్క బుడగ పైకొచ్చింది. బావ చేయి పెట్టి తీసి మళ్ళీ వదిలాడు, మళ్ళీ మునిగింది. నాలుగుసార్లు అలా ఆడుకున్నాడు, చిన్నపిల్లాడిలా.

రామర్ పాదం దాకా ఎక్కాం. ఇసుక దిబ్బ మీద చిన్న మండపం, లోపల రాతి పాదాలు. రాముడు ఇక్కడ నిలబడి లంక వైపు చూశాడంటారు. అక్కడి నుంచి కిందికి చూస్తే అడవి ఎత్తు ఒక్క సమంగా, కత్తెరతో కత్తిరించినట్టుంది. ఉప్పుగాలి చేసే పని అది. సముద్రం అవతల వన్ని, ఆ పెద్దావిడ ఊరు.

ఏడో రోజు: ఇల్లు

బావ రాత్రంతా నడిపాడు. తెల్లారేసరికి ఇంటి ముందున్నాం. నాన్న అరుగు మీద పేపరు చదువుతున్నాడు, కత్తి గూట్లో ఉంది. నేను కోడియక్కరైలో గేటు బయట కొన్న పండ్ల పొట్లం అమ్మకిచ్చాను. ఒకటి తిని కాసేపు ఆలోచించి, పెరట్లోకి పోయి మన చెట్టు పండొకటి కోసుకొచ్చి అదీ తింది.

"మనదే తీపి" అంది.

నాన్న పేపరు దించకుండా, "కొయ్యాలా వద్దా, అది చెప్పండి ముందు" అన్నాడు. ఎవరూ పలకలేదు. బావ జేబులోంచి ఉప్పు పొట్లం తీసి అక్కడ పెట్టి, మీసానికి కొబ్బరినూనె ఉందా అత్తా అని అడిగాడు.